శేషించిన కీడు

ఇటీవలి కాలమున ప్రభుత్వపు ఉత్తర్వులయందును, కర్మాగారముల అనుమతిపత్రములయందును, తుఫాను హెచ్చరికల వెంట వెలువడు ప్రకటనలయందును తరచుగా కానవచ్చు ఆంగ్లపదము ‘మిటిగేషన్’. తెలుగున దీనికి ఉపశమనమనియు, తీవ్రత తగ్గింపు అనియు, ఒక్కొక్కయెడ నివారణమనియు వ్రాయుచున్నారు. ఈ కడపటి మాట తప్పు; తప్పు మాత్రమే కాదు, దానివలన ప్రజలకు నష్టము కలదు. నివారించుట యనగా కీడు రాకుండ జేయుట. మిటిగేట్ చేయుట యనగా ఆ కీడు పూర్తిగా తొలగదని ముందుగా ఒప్పుకొని, దాని వాడిని తగ్గించుటకు పూనుకొనుట. ఆ ఒప్పుకోలే ఈ పదమునకు ప్రాణము. ఒప్పుకోలును విడిచిపెట్టి పదమును మాత్రము వాడుకొనువారు నానాటికి పెరుగుచున్నందున ఈ వారము దీనిని గూర్చి వ్రాయదలచితిని.

లాటిన్ భాషలో ‘మీటిస్’ అనగా మెత్తనిది, సౌమ్యమైనది. చక్కగా మాగిన పండునకు గూడ ఆ విశేషణమే చెల్లును. దానికి ‘చేయు’ అను ధాతువు చేరి, మెత్తపరచుట అను అర్థము కలిగినది. పదునైదవ శతాబ్దినుండి ఆంగ్లమున ఈ పదము కోపమును, నొప్పిని, శిక్షను, చలిని మెత్తపరచుటకు వాడుకలోనున్నది. దీనికి కర్మగా నిలుచునది కీడే కాని మేలు కాదు. సైనికుని దెలుపు శబ్దమునుండి పుట్టి ‘ప్రతికూలముగ పనిచేయుట’ అను అర్థమునిచ్చు ‘మిలిటేట్’ అను వేరొక పదముతో దీనిని కలగాపులగము చేసి వ్రాయుట ఆ భాష మాతృభాషగా గలవారిలో సైతము కలదు. అది వ్యాకరణదోషము, దిద్దుకొనినచో పోవును. నేను చెప్పబోవునది అంతకంటె లోతైనది.

మన ఆయుర్వేదము చికిత్సను శోధనమనియు, శమనమనియు రెండుగా విభజించినది. శోధనము దోషమును దేహమునుండి వెడలగొట్టును. శమనము వెడలగొట్టక, ఉన్నచోటనే దానిని సమస్థితికి దెచ్చును. రెండును చికిత్సలే, రెండింటికిని తగిన రోగులు కలరు. కాని శమనము చేయుచున్న వైద్యుడు శోధనము చేసితినని రోగితో చెప్పరాదు. కనుక ఉపశమనమనుట సరియైన మాటయే. అయితే నేటి పత్రికల వాడుకలో ఎండలకు ఒక జల్లు పడినను ఉపశమనమే, పన్ను గడువు పొడిగించినను ఉపశమనమే. కష్టము వచ్చిన పిదప కలుగు ఊరటగా ఆ మాట స్థిరపడిపోయినది. మిటిగేషన్ అన్నచో, ముఖ్యముగా విపత్తుల విషయమున, కష్టము రాకకు ఏండ్లకు ముందే, ఒక్కొక్కప్పుడు ఒక తరమునకు ముందే చేయవలసిన పని. 2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము దానిని నిర్వచించుచు, జరిగిన విపత్తు యొక్క ఫలితములనే కాక, ముంచుకొనివచ్చు విపత్తు యొక్క ముప్పును తగ్గించు చర్యలను గూడ అందు చేర్చినది.

ఈ పనికి మన తెలుగునేలమీద నాకు తెలిసిన మేలైన ఉదాహరణము హైదరాబాదు జలాశయములు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది ఆ నగరమును ముంచెను. ఎగువ కురిసిన వానకు ఆ నదీక్షేత్రమందలి చెరువులలో 200కు పైగా ఒకదానివెంట నొకటి తెగి, ఆ నీరంతయు నగరముమీద విరుచుకుపడినది. సుమారు 15,000 మంది మరణించిరి. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ నీటికి కోల్పోయి, తానొక్కడు బ్రతికి బయటపడెను. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రతీతి. ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది.

మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము పిలిపించగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ సమస్యను పరిశీలించిన తీరు, మిటిగేషన్ అను పదమును నోట పలుకు ప్రతి అధికారియు తెలిసికొనదగినది. వానను ఆపుట మానవసాధ్యము కాదు. మూడువందల యేండ్లు దాటిన నగరమును మరియొక చోటికి తరలించుటయు సాధ్యము కాదు. అటువంటి వాన మరల రాదని ప్రభువులకు ధైర్యము చెప్పుట సులభము, కాని అది అసత్యము. కావున ఆయన నగరమునకు ఎగువన మూసీమీద నొకటి, ఈసీమీద నొకటి జలాశయములు నిర్మించి, ఒక్కపెట్టున రాదగిన వరదను అందు నిలిపి మెల్లమెల్లగా దిగువకు విడువవలెనని సూచించెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వచ్చు నీటి మొత్తము తగ్గలేదు; దాని ఉద్ధృతి తగ్గినది. మెత్తపరచుట యనగా అక్షరాల ఇదియే.

అయినను జలాశయము నిండినపుడు గేట్లు ఎత్తక తప్పదు, ఎత్తినపుడు ఆ నీరు నదీగర్భముననే పోక తప్పదు. తగ్గించగా శేషించిన వరదకు దారి విడిచియుంచుట ఆ నిర్మాణములో భాగమే కాని వేరు కాదు. నేడు గేట్లు ఎత్తినపుడెల్ల చాదర్‌ఘాటు, మూసానగరు ప్రాంతముల నిరుపేదలు సామానులు నెత్తిన బెట్టుకొని బడులకు, సామాజిక భవనములకు పరుగులిడుచుండుట చూచుచునే యున్నాము. ఎగువన ఆ జలాశయముల చుట్టునున్న 84 గ్రామములలో నిర్మాణములను కట్టడిచేయుచు 1996లో వెలువడిన 111వ జి.వో. నిర్బంధములను 2022లో 69వ జి.వో.తో ఎత్తివేసిరి. నగరమునకు త్రాగునీరు ఇపుడు కృష్ణా గోదావరులనుండి వచ్చుచున్నది కాబట్టి ఈ చెరువుల అవసరము తీరినదని చెప్పిన కారణము. ఈ కారణము నాకు ఏమాత్రము సమ్మతము కాదు. ఆ సాగరములు దాహము తీర్చుటకు మాత్రమే పుట్టలేదు, 1908 మరల వచ్చిననాడు దాని కోర తీయుటకు పుట్టినవి. ఆ పని కృష్ణా పైపులు చేయజాలవు.

సముద్రతీరమున కథ వేరు. 1977 నవంబరు 19న దివిసీమమీద పడిన ఉప్పెన పదునైదు అడుగులకు మించి లేచి, పదివేలకు పైగా ప్రాణములను తీసికొనినది. పండ్రెండేండ్లు దాటిన పిమ్మట, 1990 మే 9న, అదే కృష్ణాసాగరసంగమమునకు చేరువలో ఇంచుమించు అంతటి తుఫానే తీరము దాటినది. ఈ పర్యాయము చనిపోయినవారు వేయికి లోపు. గాలి కరుణించలేదు, సముద్రము వెనుకకు తగ్గలేదు. రాడారు ముందుగా చూచినది, లక్షన్నరకు పైగా జనమును ఇండ్లు విడిపించి తరలించిరి, ఎక్కుటకు షెల్టర్లు ఉన్నవి. పదివేలకును, వేయికిని నడుమనున్న ఆ తొమ్మిదివేల మంది ఎవరో మనకు తెలియదు, వారికిని తెలియదు. తాము రక్షింపబడితిమని ఎరుగనివారు కృతజ్ఞత చెప్పరు, ఓట్లు వేయరు. మిటిగేషన్‌కు రాజకీయముగా అనాదరము కలుగుటకు మూలకారణము ఇదియేనని నా నమ్మకము. బియ్యపు మూటను చేతికందించు మంత్రి చిత్రము మరునాడు పత్రికలో పడును. పదేండ్లక్రితము షెల్టరునకు సంతకము పెట్టిన ఇంజనీరు చిత్రము ఎన్నడును పడదు.

తుఫాను షెల్టరును దగ్గరగా చూడనివారికి దాని రూపము చెప్పెదను. నేలమీద గోడలుండవు, లావుపాటి స్తంభములపై ఒక అంతస్తు ఎత్తున కట్టడము నిలుచును, ఉప్పెన వచ్చినచో నీరు ఆ స్తంభముల నడుమనుండి సాగిపోవలెను. మెట్లు, క్రొత్తవాటికి ముసలివారును, వికలాంగులును ఎక్కుటకు ర్యాంపు, పైని రెండు మూడు గదులు, మిద్దె. తక్కిన దినములలో అందు బడి నడుచును, క్రింది నీడలో వలలు బాగుచేసికొందురు. నేను చూచిన ఒక షెల్టరులో ఉప్పుగాలికి కిటికీ ఊచలు రేకులు రేకులుగా లేచిపోయినవి, మరుగుదొడ్డికి నీళ్ళు లేవు, పైగదుల తాళపుచెవి ఎవరివద్ద నున్నదో ఇద్దరిని అడిగిన ఇద్దరును వేరు వేరు పేర్లు చెప్పిరి. మరుగుదొడ్డి చిన్న విషయమని తోచవచ్చును. కాని అది లేనిచోట ఆడువారు పసిబిడ్డలతో రాత్రియంతయు గడుపుటకు వెనుదీయుదురు, కొట్టములో గేదెలను విడిచివచ్చుటకు మగవారు వెనుదీయుదురు, హెచ్చరిక చెవినిబడినను కుటుంబము ఇల్లు కదలదు. ప్రాణము దక్కిన పిమ్మట సైతము శేషము కలదు. నవంబరు తుఫాను కోతకు వచ్చిన వరిని పడవేయును. పరిహారము పట్టా ఎవరిపేరనున్నదో వారికి పోవుచుండ, పెట్టుబడి పెట్టిన కౌలురైతు అప్పుతో మిగులును. షెల్టరు ఆ రైతును బ్రతికించినది, అది గొప్ప పని; ఆ గొప్పపనిని చెప్పువారు అతని అప్పును గూడ అదే వాక్యములో చెప్పవలెను.

న్యాయస్థానములలో ఈ పదమునకు గల గౌరవము వేరు. మరణశిక్షను విధించుటకు ముందు న్యాయమూర్తి నేరతీవ్రతను పెంచు పరిస్థితులతోబాటు దానిని తగ్గించు పరిస్థితులను గూడ తూచవలెనని 1980లో బచన్‌సింగ్ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. నిందితుని వయస్సు, నేరసమయమున అతని మనఃస్థితి, ఒకరి ఒత్తిడికి లోబడియుండుట, ఇకముందు మారగల అవకాశము మున్నగునవి అట్టివి. 2022లో మనోజ్ కేసున మరల, ఆ వివరములను విచారణదశలోనే సేకరించి కోర్టు ముందుంచవలెనని ఆదేశించినది. ఇక్కడ గమనింపదగిన విశేషములు రెండు. శిక్ష తగ్గినను నేరము నేరముగానే నిలుచును. హతుని కుటుంబమునకు కలిగిన నష్టమును ఏ న్యాయమూర్తియు తుడిచివేయడు, తుడిచితిననడు. అంతకంటె ముఖ్యము, తగ్గింపును కొలుచువాడు నేరము చేసినవాడు కాడు, అతడు జీతమిచ్చి పెట్టుకొనిన వకీలు కాడు. ఎదుటిపక్షము వాదమును గూడ వినిన మూడవ మనుష్యుడు.

వర్తకులకును ఇది తెలిసినదే. సరకు పంపుదునని మాట తప్పినవానిమీద దావా వేసినవాడు, అదే సరకు బజారులో దొరకుచుండగా కొనక చేతులు ముడుచుకొని కూర్చుండి, పెరిగిన నష్టమునంతయు వసూలుచేయజూచినచో 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 73వ సెక్షను అందుకు ఒప్పదు. నష్టపడినవానికి గూడ నష్టమును తగ్గించుకొను బాధ్యత కలదు. ఆ బాధ్యత నెరవేర్చగా మిగిలిన నష్టము మాత్రము, అణా పైసలతో సహా, మాట తప్పినవానిదే.

శీతోష్ణస్థితిని గూర్చిన అంతర్జాతీయ సభలలో ఇదే పదమును వేరొక అర్థమున వాడుదురు. అక్కడ మిటిగేషన్ అనగా బొగ్గు, చమురుల పొగను తగ్గించుట. సముద్రమునకు అడ్డుకట్ట వేయుట, షెల్టరు కట్టుట మున్నగునవి ‘అడాప్టేషన్’, అనగా మారిన స్థితికి తగినట్లు సర్దుకొనుట. మన విపత్తు నిర్వహణ శాఖవారు ఏ పనిని మిటిగేషన్ అనుచున్నారో పర్యావరణశాఖవారు దానినే అడాప్టేషన్ అనుచున్నందున, రెండు శాఖల కాగితములు కలిపి చదువువాడు తికమకపడును. దానిని ప్రక్కన బెట్టుదము. 1992లో కుదిరిన ఒడంబడికనుండి ఆ సభలు ముప్పదియేండ్లపాటు తగ్గింపును గూర్చియు, సర్దుబాటును గూర్చియు మాటాడినవి. తగ్గించినను తగ్గనిదియు, సర్దుకొనుటకు వీలులేనిదియునగు నష్టమును గూర్చి చిన్నచిన్న ద్వీపదేశముల వారు అడుగుచునే వచ్చిరి. తుదకు 2022లో ఈజిప్టుదేశపు షర్మ్ అల్ షేక్ సభలో ఆ శేషమునకు ఒక నిధి యుండవలెనని అన్ని దేశములును అంగీకరించినవి. ఆ నిధిలో పడిన ధనము చాలునా యను ప్రశ్న అట్లుండగా, శేషమునకు ఒక పేరు, ఒక పద్దు ఏర్పడుటయే నా దృష్టిలో పెద్ద జయము.

మన దేశమున పరిశ్రమలకును, గనులకును, ఆనకట్టలకును అనుమతులిచ్చు పద్ధతిలో ఆ పద్దు లేదు. 2006వ సంవత్సరపు ప్రకటన ననుసరించి తయారగు పర్యావరణ ప్రభావ నివేదికలో, ఊహింపబడు దుష్ప్రభావములును, వాటి మిటిగేషన్ చర్యలును అను ఒక అధ్యాయము తప్పనిసరి. చదివినవారికి అందలి పోలిక తెలియును: ధూళి లేచును, నీళ్ళు చల్లుదుము, చప్పుడగును, చెట్లు నాటుదుము, జనము నిర్వాసితులగుదురు, ప్యాకేజి ఇత్తుము. ప్రతి కీడునకును ఎదురుగా ఒక చర్య వ్రాయబడును, వ్రాయబడినంతనే ఆ కీడు చెల్లిపోయినట్లు లెక్క. ఎంత తగ్గునో, తగ్గగా ఎంత మిగులునో, మిగిలినది ఏ వాడలో ఎవరి ఊపిరితిత్తులలో చేరునో అందుండదు. పైగా ఆ నివేదికను వ్రాయు సంస్థను నియమించి రుసుము చెల్లించువాడు ఆ పరిశ్రమ యజమానియే. న్యాయస్థానములో నిందితునికి మనము ఇయ్యని అధికారమును ఇక్కడ కీడుచేయువానికి ఇచ్చుచున్నాము.

పోలవరము ముంపుమండలములు ఇందుకు సాక్ష్యము. ఆ ప్రాజెక్టువలన కదలవలసినవి లక్షకు చేరువ కుటుంబములు. అందు పెక్కుమంది కోయలు, కొండరెడ్లు. ఇంటికి ఇల్లు, భూమికి భూమి, తలకింత సొమ్ము అని పునరావాస ప్యాకేజి లెక్కకట్టును. వేసవిలో ఏరుకొను ఇప్పపువ్వు, తునికాకు కోతకు వచ్చు కూలి, అడవి చింతపండు, వాగులో చేపలు, గంగమ్మకును భూదేవికిని కొలుపులు జరుపు చోటు, ఇవి ఏ పద్దున వేయుదురు? నిర్వాసితుల కాలనీలో వరుసగా కట్టిన సిమెంటు ఇంటి ముందు గేదెను కట్టివేయుటకు సైతము చోటు లేనివానికి జరిగినది ఉపశమనమా? 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు చేరి, చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము ప్రాంతములు నీటిలో మునిగినపుడు ఆ జనము గుట్టలెక్కి టార్పాలిను పట్టాల క్రింద గడిపిరి. ఆనకట్ట అవసరమా కాదా అను చర్చ వేరు. మెట్టపొలమునకు నీరు కావలెనని కోరు రైతును నేను తప్పుపట్టను. ఆ నీటికి మూల్యము ఎవరు చెల్లించుచున్నారో దాచిపెట్టు భాషను తప్పుపట్టుచున్నాను.

2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్టణపు వెంకటాపురములో ఒక కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీను ఆవిరి ఊరిమీద కమ్ముకొని 12 మందిని చంపినది. నిద్రలోనుండి లేచి పరుగెత్తినవారు వీథులలోనే కూలిపోయిరి. ప్రమాదము జరిగినపుడు ఊరిని మేలుకొలుపవలసిన సైరను మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన సంఘమే తేల్చినది. సైరను మిటిగేషన్ చర్యలలో అతిసామాన్యమైనది, అతిచౌకయైనది. కాగితముమీది చర్యకును, గోడమీది మీటకును నడుమనున్న దూరములో ఆ పండ్రెండుమంది పోయిరి.

చట్టమున మిటిగేషన్ నిధికి 2005లోనే చోటు కల్పించియు, జాతీయస్థాయిలో ఆ నిధిని ఏర్పరచుటకు 2021 వరకు ఆగిరి. పదునైదవ ఆర్థికసంఘము విపత్తుల ధనమున 80 పాళ్ళు ముఖ్యముగా విపత్తు వచ్చిన పిమ్మటి ఖర్చునకు, 20 పాళ్ళు ముందుచేయు తగ్గింపునకు కేటాయించినది. ఆ ఇరువది పాళ్ళు తక్కువే యైనను ముందడుగేనని సంతోషింతును. కాని షెల్టరు తలుపులకు రంగువేయుటకు, సైరనును మాసమునకొకమారు మ్రోగించి చూచుటకు, మూసీ గర్భమునుండి లేచిరావలసినవారికి పని దొరకు దూరములో ఇండ్లు కట్టుటకు ఆ ధనము చేరునా యనునది గ్రామసభలలోను, శాసనసభలలోను అడుగవలసిన ప్రశ్న.

పరిశ్రమల విషయమున అడుగుటకు ఒక స్థానము ఇప్పటికే కలదు. ప్రజాభిప్రాయసేకరణకు ముప్పది దినముల ముందు ప్రకటన వెలువడవలెను. నివేదిక సంక్షేపము తెలుగున గూడ కలెక్టరు కార్యాలయమునను, జిల్లాపరిషత్తునను జనులకు అందుబాటులో నుండవలెను. దానిని తెచ్చుకొని, ఉపశమన చర్యలు అను శీర్షిక క్రిందనున్న ప్రతి వాక్యము ప్రక్కన రెండు ప్రశ్నలు వ్రాసికొనుడు: ఈ చర్య తరువాత మిగులు కీడు ఎంత? అది ఎవరికి? సభలో నోటితో అడిగి ఊరకుండక, వ్రాతమూలకముగ అధ్యక్షస్థానమున నున్న అధికారికి ఇచ్చి రసీదు తీసికొనుడు. వచ్చిన అభ్యంతరములను సభావివరములలో చేర్చి పైకి పంపుట వారి విధి. ఆ రెండు ప్రశ్నలకు యజమాని సమాధానము లేకుండ అనుమతి వచ్చినచో, కోర్టుకు పోవువారి చేతిలో ఆ రసీదు ఉండును.